రెండో పొగ

కొండ మీది కచేరీలో గుమాస్తా పని వదిలేసి లారీ తోలుకుంటున్న కూర్మారావును పోయిన వారం మనం ఘాటీ నెత్తిన, జాకరపాడు మలుపులో వదిలి వచ్చాం. లారీ నిండా వలిసె నూనెగింజల బస్తాలు. బస్తాల మీద గడ్డి, గడ్డి మీద బొంత, బొంత మీద అతని భార్య పైడితల్లి. నొప్పులు మొదలై రెండు రోజులైంది. బిడ్డ అడ్డం తిరిగిందని, ఇక తన చేతుల్లో ఏమీ లేదని అరకు సంతవీధి మంత్రసాని చెప్పేసింది. ఘాటీ దిగి విజయనగరం చేరితే అక్కడ దొరసాని డాక్టరు ఉంది. పొద్దుగూకే లోపల చేరాలి. పైడితల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అచ్చియమ్మ కూర్మారావుకి మేనత్త, అత్తగారు కూడాను. దారి పొడుగునా ఆమె కాసేపు దేవుళ్ళను పిలుస్తోంది, కాసేపు అల్లుణ్ణి తిడుతోంది.

జాకరపాడు మలుపులో వాళ్ళు ఆగిపోవడానికి కారణం క్లీనరు మంగ్లు దిగిపోవడం.

ఇటుకల పండగ రోజులవి. ఆ రోజుల్లో కొండమీది మగవాడు విల్లో గొడ్డలో పట్టుకుని వేటకి పోవలసిందే. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడి మీద, అసలు పోనివాడి మీద ఊళ్ళో ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు. ఆ మాట ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వుతారు. అడవిలోంచి డప్పు వినబడేసరికి మంగ్లు తట్టుకోలేకపోయాడు. "బాబు, జీతం ఇయ్యకపోయినా సరే, కొట్టినా సరే. ఈ మూడు దినాలూ నాను రాను" అని, బండి పూర్తిగా ఆగకముందే దూకి చెట్లలోకి పోయాడు.

మంగ్లు లేకుండా ఘాటీ దిగడం ఎందుకు కుదరదో తెలియాలంటే ఆ లారీ సంగతి తెలియాలి. పెద్ద యుద్ధంలో తెల్లవాళ్ళు వాడి, యుద్ధం అయ్యాక అమ్మేసుకున్న బండి అది. గట్టి రబ్బరు చక్రాలు. బ్రేకు పట్టినట్టే పట్టి జారిపోతుంది. జాకరపాడు కింద తొమ్మిది మలుపులున్నాయి. ఒక్క మలుపులోనూ ఆ లారీ ఒక ఊపులో తిరగదు. ముక్కు లోయ అంచుదాకా తీసుకుపోయి ఆపాలి. ఆపగానే ఎవరో ఒకరు వెనక చక్రం ముందు అడ్డుకట్టె వెయ్యాలి. ఆ కట్టె మీద బండిని నిలబెట్టి, వెనక గేరు వేసి, "లాగు" అని అరిస్తే కట్టెకున్న తాడు పట్టుకుని పక్కకి లాగెయ్యాలి. అప్పుడు వెనక్కి నడిచి మళ్ళీ ముందుకి తిప్పుకోవాలి. ఇవతల స్టీరింగు పట్టినవాడికి అవతల కట్టె పట్టినవాడు కనిపించడు. మాట వినిపించాలి, నమ్మాలి.

కూర్మారావు లారీని గట్టువారగా నిలబెట్టి, నాలుగు చక్రాలకీ రాళ్ళు పెట్టి, మనిషి కోసం జాకరపాడు వైపు పరుగెత్తాడు.

ఊరి మొదట్లో రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి ఉంది. వెదురు వెనక పదిమంది ఆడవాళ్ళు, తలల్లో మోదుగపువ్వులు, ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకుని పాడుతున్నారు. పండగ రోజుల్లో దారిన పోయే ఎవర్నయినా ఆపి ఏదో ఒకటి పుచ్చుకోకుండా వెదురు ఎత్తరు. అతను నోరు తెరిచేలోగానే అందరికంటే చిన్నది, రత్న అనే గుంటపిల్ల, కేక పెట్టింది.

"ఓలమ్మా, మగోడు! ఏటకి పోని మగోడు!"

"ఏటి బాబు, అడవిపంది తరిమినాదా?" అంది ఇంకొకతె.

"పంది కాదే, కుందేలు!"

నవ్వుతూనే కుండెడు పేడనీళ్ళు అతని నెత్తి మీద కుమ్మరించారు. నీళ్ళు కళ్ళలోంచి, మీసాల్లోంచి, చొక్కాలోంచి కారుతున్నాయి. అతను తుడుచుకోలేదు. కదలలేదు. తిట్టడమో పారిపోవడమో చెయ్యాల్సిన మనిషి అలా నిలబడిపోతే నవ్వు తనంతట తనే ఆగిపోయింది.

"నా లారీలో ఆడమనిషి ఉంది" అన్నాడు. "పురిటి నొప్పులు. రెండ్రోజులైంది. బిడ్డ అడ్డం తిరిగింది. ఘాటీ దిగాలి. అడ్డుకట్టె వెయ్యడానికి మనిషి లేడు. ఎవరైనా ఒకరు రండి తల్లీ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో మగవాసన లేదు. ముసలివాళ్ళు కూడా కర్ర పట్టుకుని అడవి దాకా పోయారు.

"సోములమ్మప్ప సేస్తాది" అంది రత్న, గొంతు తగ్గించి. "రోడ్డు పనిలో సదును సేసే రాతి దిమ్మె దిగినప్పుడు అడ్డులేసినాది కదా. రెండేళ్ళు కూలికి అదే పని."

ఆ పేరు వినగానే కూర్మారావుకి పేడనీళ్ళు చల్లగా తగిలాయి. అంతదాకా తగలలేదు.

ఆ పేరు అతనికి తెలుసు. మొహం తెలియదు. 'జాకరపాడు కాపురస్తుడు సోంబరు, అతని భార్య సోములమ్మ' అని తన చేత్తోనే కాయితం మీద రాశాడు. ఇప్పుడు వెదురు వెనకనుంచి ముందుకు వచ్చిన మనిషికి పాతికేళ్ళుంటాయేమో. బలమైన భుజాలు. ఒక చేతి బొటనవేలి గోరు నలిగి నల్లబడి ఉంది. ఆమె తలలో మాత్రం పువ్వు లేదు.

"బండి ఎక్కడున్నాది?" అని అడిగింది.

చూపించాడు. ఆమె ముందు నడిచింది. ఆడవాళ్ళందరూ వెనక వచ్చారు. లారీ దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి పైడితల్లి మూలుగు, దాని మీద అచ్చియమ్మ గొంతు వినబడ్డాయి.

"వచ్చావా? దొరికాడా ఎవుడైనా? నా పిల్లని కుర్చీలో కూకున్న గుమాస్తాకిచ్చాను గానీ బండోడికి ఇవ్వలేదురా కూర్మా! నెలజీతం, నీడపట్టు ఉద్యోగం, దొర ముందు కుర్చీ ఏసుకుని కూకునే పని. ఏటి సెడిందని ఒదిలీసావు? ఉప్పుబస్తాలు జయపురం మొయ్యడానికా? ఒరే, ఆ ఒంటినిండా పేడేటిరా?"

"మనిషి దొరికింది అత్తా. ఉండు" అన్నాడు కూర్మారావు.

సోములమ్మ అడ్డుకట్టెను చూసింది. మూడు పలకల మద్దికట్టె, మొదట్లో ఇనప కడియం, కడియానికి బారెడు తాడు. ఎత్తి చూసి, బరువు తెలుసుకుని, కింద పెట్టింది.

"వత్తాను" అంది. "కిందదాకా వత్తాను. నాకేటీ ఇయ్యక్కర్లేదు. ఒక మాట చెప్పు సాలు. నువ్వు ఆ కచేరీలో రాతబాబువి కదా? ఈ లారీ తోలీముందు?"

అబద్ధమాడి లాభం లేదు. ఈ దారిలో అందరూ అతన్ని ఇప్పటికీ రాతబాబు అనే పిలుస్తారు.

"అవును."

"ఐతే నీకు తెలుస్తాది. రెండేళ్ళయినాది, ఎవుడూ చెప్పడు. రోడ్డు పనికి ఇంటికొక మడిసి రావాలన్నారు. అందరి ఇంటినించీ ఒకడు పోయినాడు, పదేను దినాలు చేసి ఒచ్చీసినాడు. మా ఇంటికి మాత్రం రెండు అని రాసినారు. మా ఇంట్లో మగోడు ఒకడే, సోంబరు. తన పదేను దినాలూ చేసి, లేని మడిసి పదేను దినాలూ చెయ్యడానికి మళ్ళీ పోయినాడు. ఆ రెండోసారి పేణంతో తిరిగి రానేదు." ఆమె గొంతులో తడి లేదు. చాలాసార్లు తనలో తను చెప్పుకున్న మాటల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. "ఈ ఊళ్ళ పెత్తనం చేసే ముఠాదారు గాసి నాకు సొంత మేనమామ. పేర్లు చెప్పినోడు ఆడే. మా అమ్మకీ ఆడికీ పోడు కాడ తగువున్నాది. ఆ కోపం మా మీద తీర్చుకున్నాడని నాను అన్నాను. కాదన్నాడు. ఈ రెండేళ్ళూ ఆడి ఇంట నీళ్ళు తాగనేదు. చెప్పు బాబు. రెండిళ్ళని రాయించినోడు గాసి మామే కదా?"

లారీ మీంచి అచ్చియమ్మ అంతా వింటోంది. తల బయట పెట్టి పళ్ళ సందునుంచి అంది. "అవునని సెప్పీరా. ఎవుడైతే నీకేటి? అవునని సెప్పి బేగి బండెక్కించు దాన్ని."

పైడితల్లి మళ్ళీ మూలిగింది. పొద్దున్న అరిచేది. ఇప్పుడు మూలుగుతోంది. ఆ తేడా ఏమిటో కూర్మారావుకి తెలుసు.

"అవును" అన్నాడు.

సోములమ్మకి ఆ మాట చాలింది. ఆమె తల ఆడించింది. ఎన్నాళ్ళనుంచో మోస్తున్న మోపు దించుకున్నట్టు భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. తరవాత రత్న వైపు తిరిగింది.

"బేగి పో గుంటా. బూరుగు వాగు కాడ మా తమ్ముళ్ళు కాపేసున్నారు. గాసి మామ కూడా ఆళ్ళతోనే ఉన్నాడు. అప్ప అడిగింది, కచేరీ బాబు అవునన్నాడు అని మా పెద్దోడి చెవిలో చెప్పు. అంతే చెప్పు. ఏటి సెయ్యాలో ఆళ్ళు ఎప్పుడో అనుకున్నారు."

"ఇప్పుడేనా అప్పా?"

"ఇప్పుడే. అందరి సేతిలోనూ గొడ్డళ్ళున్నాయి. అడవిలో ఏటి జరిగినా ఏటలో జరిగినాదని అంటారు."

రత్న చేతులు పైటకి తుడుచుకుని కాలిబాట పట్టింది.

కూర్మారావు ఆ గుంట వీపు చూస్తూ నిలబడ్డాడు. పది అడుగులు వేసింది. ఇరవై. మోదుగచెట్టు దాటితే ఇక కేక వినబడదు. కూర్మారావుకి గాసి మొహం గుర్తొచ్చింది. తెల్లబడ్డ గడ్డం, పొగచుట్ట, ఎదుట చేతులు కట్టుకుని నిలబడే పద్ధతి. బస్తాల మీంచి పైడితల్లి గాజుల చప్పుడు వినిపించింది. అడ్డుకట్టె సోములమ్మ కాళ్ళ దగ్గర ఉంది. నోరు మూసుకుని ఇంజను హేండిలు తిప్పితే చాలు. గంటలో ఘాటీ దిగిపోతాడు. తరవాత ఈ కొండమీద ఏం జరిగినా అతనికి వినబడదు. వినబడకుండా బతకడం అతనికి కచేరీలో బాగా అలవాటే.

"ఆగు!" అని అరిచాడు. "ఏయ్ గుంటా, ఆగు! పోకు!"

రత్న ఆగి వెనక్కి చూసింది.

"గాసి కాదు" అన్నాడు కూర్మారావు. "నేను."

అచ్చియమ్మ లారీ అంచు పట్టుకుని లేచింది. "ఒరే ఒరే, నోరు ముయ్యరా."

"నేనే రాశాను. గాసి రెండుసార్లు చెప్పాడు, పది ఇళ్ళే బాబు, పది ఇళ్ళే అని. నేను వినలేదు. పదకొండు రాశాను." చెప్పడం మొదలు పెట్టాక ఆపలేకపోయాడు. "అప్పుడు మా మకాం లోయకి అవతల. మధ్యాహ్నానికల్లా జాబితా కావాలన్నారు. ఇక్కడికి రావాలంటే వాగులోకి దిగి మళ్ళీ ఎక్కాలి, రెండు గంటలు. పుష్యమాసం చలి. నాకు ముందురోజే జ్వరం తగిలింది. అక్కడే బండ మీద కూచుని తెల్లవారుజామున మీ ఊళ్ళో పొగలు లెక్కపెట్టాను. పొయ్యికి ఒక పొగ, పొగకి ఒక ఇల్లు. కచేరీలో అందరం అలాగే చేసేవాళ్ళం. పదకొండు వచ్చాయి. మకాంకి వచ్చిన గాసి పది అంటే, ముఠాదార్లు ఇళ్ళు దాస్తారు కదా, వీడూ ఒకటి దాస్తున్నాడనుకున్నాను. నా కళ్ళతో చూశానన్నాను. ఆ పదకొండో పొగ ఏ ఇంటిదో చెప్పమన్నాను. సోంబరు ఇంటి పెరట్లోదని చెప్పి ఇంకేదో చెప్పబోతే, చాల్లే అన్నాను. అయితే ఆ ఇంటికి ఇంకో మనిషి అని రాసేశాను."

సోములమ్మ నలిగిన బొటనవేలిని పిడికిట్లో మూసింది.

"సోంబరు పోయాక చావు కాయితం రాయడానికి నన్ను పంపించారు. అప్పుడు మొదటిసారి మీ ఊళ్ళోకి నడిచి వచ్చాను. వాకిళ్ళు లెక్కపెట్టాను. పదే. మీ ఇంటి వెనక ఆకుల గుడిసె ఉంది, ముంగిట్లో బూడిద. ఇదెవరి ఇల్లని ఒక ముసలమ్మని అడిగాను. ఇల్లు కాదు బాబు, పురిటి గుడిసె, సోంబరు పెళ్ళాం బిడ్డని కని ఉంది, నెల దాటేదాకా దాని పొయ్యి వేరు అని చెప్పింది."

గాలికి వెదురుపొదలు కిర్రుమంటున్నాయి. అడవిలో ఎక్కడో డప్పు మోగి ఆగిపోయింది.

అచ్చియమ్మ లారీలోనే చతికిలబడింది. "దీనికా" అంది చిన్న గొంతుతో. "దీనికా కుర్చీ ఒదిలీసినావు? సెలవియ్యలేదని దొరతో తగువాడి వచ్చీసానన్నావు కదరా. పైడికి కూడా అదే సెప్పావు."

అసలు కారణం అతను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రాజీనామా కాయితం మీద ఒంట్లో బాగులేదని రాశాడు. సావుకారు వీరభద్రరావు లారీకి డ్రైవరు కావాలంటే రెండు నెలలు ఇంకో డ్రైవరు దగ్గర తిట్లు తిని, దెబ్బలు తిని నేర్చుకున్నాడు. ఉప్పు, కిరసనాయిలు పైకి, వలిసెలు, పసుపు కిందికి, విజయనగరం నుంచి జయపురం దాకా నాలుగు రోజుల దారి. బండిలో అతనికి నచ్చినది ఒకటే. ఏ చోటి పని ఉంటే ఆ చోటికి మనిషి పోక తప్పదు. దూరంగా కూచుని పోయినట్టు రాసుకోవడం కుదరదు.

సోములమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఏ బండ మీద కూకున్నావు?"

అతను లోయ అవతలికి చెయ్యి చాపాడు. ఎండలో నల్లగా, వెడల్పుగా ఒక బండ. ఆమె దాన్ని చూసింది. తరవాత తల తిప్పి తన ఊరు చూసుకుంది. మళ్ళీ బండ.

"అక్కడ్నించి మా పొగ కనబడతాదా?"

"కనబడుతుంది."

"మడిసి కనబడడా?"

"కనబడడు."

"ఊఁ" అంది.

ఆ తరవాత ఆమె ఏం చేస్తుందో అక్కడున్న ఆడవాళ్ళలో ఎవరికీ తెలియలేదు. ఒకతె వంగి రాయి ఒకటి ఏరింది. కూర్మారావు చూశాడు గాని పక్కకి జరగలేదు. సోములమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. రాయి కింద పడింది.

"రత్నా, ఎనక్కి రా. ఎక్కడికీ పోకు" అంది.

చక్రం మీద కాలు పెట్టి లారీ ఎక్కింది. అచ్చియమ్మ భయపడి కూతురి మీదికి వంగి చేతులు అడ్డం పెట్టింది. "అమ్మా, నీకు దండం పెడతాను. ఆడు సేసిన దానికి దీన్నేటీ సెయ్యకు."

"జరుగు ముసలమ్మా" అంది సోములమ్మ.

దుప్పటి తొలగించి పైడితల్లి పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. అక్కడా ఇక్కడా నొక్కి చూసింది. పైడితల్లి కళ్ళు తెరిచింది. జరిగిన మాటలన్నీ విందో లేదో, కనబడిన చెయ్యి గట్టిగా పట్టుకుంది. నొప్పి వచ్చి పోయేదాకా వదల్లేదు. సోములమ్మ కూడా లాక్కోలేదు. నొప్పి పోయాక ఒక్కొక్క వేలే విడిపించుకుని కిందికి దిగింది.

"బిడ్డ కదుల్తున్నాది. నీరు పోయినాది. ఆలీసం చేస్తే ఇద్దరూ దక్కరు" అంది, ఎవరితోనో చెప్పినట్టు. చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. అడ్డుకట్టె భుజానికెత్తుకుంది. "ఇంజను తిప్పు. నాను చక్రం పక్కని నడుస్తాను."

"సోములమ్మా..."

"మాటాడకు. నడుపు."

పరుగెత్తుకు వెళ్ళి ఆడవాళ్ళు రోడ్డుకి కట్టిన వెదురు ఎత్తేశారు. వెదురు కింద నుంచి బండి దాటుతుంటే ఒక్కరూ పాడలేదు. రత్న మాత్రం కొంతదూరం పక్కనే నడిచి, "అప్పా, తిరిగొచ్చీస్తావు కదా?" అని అడిగింది. "నా బిడ్డని సూస్తూ ఉండు" అంది సోములమ్మ.

మొదటి మలుపు ముందు అచ్చియమ్మ డ్రైవరు వీపు వెనక చెక్క సందులో నోరు పెట్టి గుసగుసలాడింది. "ఒరే, ఎవర్తి సేతికి ఇచ్చావురా ఆ కట్టె? దాని మొగుణ్ణి తినీసినోడివని నీ నోటితోనే సెప్పి, మళ్ళా దాని సేతిలోనే మన పేణాలు ఎట్టావు. ఏటి సేత్తన్నావో నీకు తెలుస్తున్నాదా?"

"ఇంకెవరున్నారు అత్తా" అన్నాడు.

మలుపు వచ్చింది. ఎడమ పక్క కొండ, కుడిపక్క ఏమీ లేదు. ముక్కు అంచుదాకా పోనిచ్చి, కాలు విరిగేలా బ్రేకు తొక్కి, "వెయ్యి!" అని అరిచాడు. వెనకనుంచి కట్టె నేలని తాకిన చప్పుడు, రాయితో రెండు దెబ్బలు, "ఏసినాను!" అన్న మాట. బండి ఒక్క అంగుళం జారి ఆగింది. మంగ్లు వేసినప్పుడు నాలుగైదు అంగుళాలు జారేది. వెనక గేరు వేశాడు. "లాగు!" లాగింది. చక్రం వెనక్కి తిరిగింది. మలుపు తిరిగిపోయింది.

రెండో మలుపు కూడా అలాగే. కట్టె ఎక్కడ పెట్టాలో, ఎంత వాలుగా పెట్టాలో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె పాదాలకి ఆ రోడ్డు తెలుసు. రాయి రాయీ ఆమె ఊరివాళ్ళు మోసుకొచ్చి పరిచిందే. కూర్మారావు విజయనగరం ఇంకెంత దూరమో లెక్క కట్టుకోబోయి, కట్టుకోలేక ఊరుకున్నాడు.

"కూర్మా" అంది అచ్చియమ్మ. ఈసారి తిట్లు లేవు. "పైడి పలకడంనేదురా. కళ్ళు తెరిసే ఉంది, పలకడంనేదు. బేగి, నాయనా. బేగి."

మూడో మలుపు అన్నిటికంటే చెడ్డది. వాలు ఎక్కువ, వెడల్పు తక్కువ. అంచున గోడకట్టు విరిగిపోయి ఉంది. ముక్కు ముందుకి పోయేకొద్దీ కూర్మారావుకి రోడ్డు కనబడడం మానేసింది. చాలా కింద, ఎండలో తెల్లగా మైదానం, అందులో చెరువులు. ముందు చక్రం కింద గులకరాళ్ళు జారి లోయలో పడ్డాయి. పడిన చప్పుడు వినబడలేదు.

"వెయ్యి!"

కట్టె నేలని తాకింది. రాయితో ఒకటి, రెండు. బండి నిలబడింది. వెనక గేరు మీద చెయ్యి వేశాడు.

"బాబు" అంది సోములమ్మ. "గేరు ఎయ్యకు."

అతను బ్రేకు మీద కాలు తియ్యకుండా అవతలి పక్కకి బాగా వంగి వెనక్కి చూశాడు. ఆమె కొండవైపు గట్టుకి ఆనుకుని నిలబడి ఉంది. అడ్డుకట్టె చక్రం ముందు సరిగ్గా ఉంది. దాని తాడు మాత్రం ఆమె తన మణికట్టుకి రెండు చుట్లు తిప్పుకుంది.

"పొగ మాట నిజమే చెప్పినావు. చెప్పకుండా ఉండొచ్చు, చెప్పినావు" అంది. "ఇదీ చెప్పు. సోంబరు జ్వరమొచ్చి పోయినాడని మీ కాయితంలో రాసున్నాదంట. ఊరంతటికీ అదే చదివి వినిపించినారు."

"సోములమ్మా, ముందు బండి తిరగనీ. కిందికి దిగాక..."

"కిందికి దిగినాక నువ్వు రాతబాబువి, నాను కొండదాన్ని. ఇక్కడే చెప్పు." ఆమె అరవడం లేదు. ఇంజను చప్పుడులో కూడా ప్రతి మాటా వినబడుతోంది. "ఆవేళ నాను పురిటి గుడిసె దాటకూడదు. ఆణ్ణి మోసుకొచ్చి ముంగిట్లో ఎట్టినారు. దూరంనించే చూసినాను. నెత్తికి గుడ్డ సుట్టున్నాది. ఆ గుడ్డ తడిసి ఎర్రగా ఉన్నాది. జ్వరమొచ్చినోడి నెత్తినించి రగతం కారతాదా బాబు?"

బస్తాల మీంచి అచ్చియమ్మ ఏడుపు అందుకుంది. "సెప్పీరా! ఏటడుగుతాదో అది సెప్పీరా!" మళ్ళీ అంతలోనే, "వద్దురా, సెప్పకు, అది తాడు లాగీగల్దు!"

ఆ కాయితం రాసింది కూడా కూర్మారావే. జ్వరం అన్న మాట అతనిది కాదు. పక్కన నిలబడి ఒక మనిషి చెప్పాడు, అతను రాశాడు. ఆ మనిషిని పైడితల్లి ఎరుగును, అచ్చియమ్మ ఎరుగును. దీపావళికి ఇంటికొచ్చి ఆయన వాళ్ళ చేతి వంట తిన్నాడు. ఆ పేరు ఈ కొండమీద పలికితే ఘాటీ కిందా పైనా తన కుటుంబానికి నిలవడానికి చోటుండదని కూర్మారావుకి తెలుసు.

అతను నోరు తెరిచాడు. బ్రేకు మీద కాలు పట్టు తప్పుతోంది. ముందు చక్రం కిందనుంచి మరో గుప్పెడు రాళ్ళు జారిపోయాయి.

"చెప్పు" అంది సోములమ్మ.

ఆమె చేతిలో తాడు బిగిసింది.